పుదుచ్చేరి కొత్త సంవత్సరం: చట్టంలో 35 నిమిషాలు, జంతువులకు రాత్రంతా

క్రిస్మస్, కొత్త సంవత్సరం రాత్రుల్లో బాణసంచా కాల్చుకోవడానికి సుప్రీంకోర్టు ఇచ్చిన సమయం 35 నిమిషాలు. రాత్రి 11.55కు మొదలుపెట్టి 12.30కి ఆపేయాలి. 2018 అక్టోబరు 23న అర్జున్ గోపాల్ కేసులో వచ్చిన తీర్పు ఇది. దీపావళికి రెండు గంటలు ఇచ్చిన కోర్టు, ఈ రెండు రాత్రులకు మాత్రం అర్ధరాత్రికి అటూ ఇటూ చిన్న గీత గీసింది.

ఆ గీత దాటని ఊరు మన దేశంలో అరుదు. చీకటి పడగానే ఒక వీధిలో మొదలవుతుంది. తొమ్మిదింటికి ఇంకో వీధి అందుకుంటుంది. అర్ధరాత్రి ఆకాశం మోగిపోతుంది. ఆ తర్వాత కూడా ఒకటిన్నరకో రెండింటికో మిగిలిపోయిన పెట్టెను ఎవరో ఖాళీ చేస్తారు. మనుషులకు ఇది ఏడాదికోసారి వచ్చే గోల. ఇంట్లో ఉన్న కుక్కకో పిల్లికో మాత్రం ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియని ఆరేడు గంటల భయం.

డిసెంబరు వచ్చిందంటే పెంపుడు జంతువుల జాగ్రత్తల మీద కథనాలు మొదలవుతాయి. తలుపులు మూయండి, కేక్ పెట్టకండి, కర్టెన్లు వేయండి అంటారు. తప్పు సలహాలేం కావు. కానీ అన్నీ ఇంటి యజమానికే చెబుతాయి. పుదుచ్చేరిలోని వైట్ టౌన్‌ను చూస్తే ఆ సలహాల్లో లేని సగం కనిపిస్తుంది. ఆ రాత్రి జంతువు క్షేమం సగం ఇంటివాళ్ల చేతిలో ఉంటే, మిగతా సగం ఊరి ఏర్పాట్ల చేతిలో ఉంది.

ఒక చిన్న పేట, ఒక పెద్ద రాత్రి

వైట్ టౌన్ అంటే సముద్రాన్ని ఆనుకుని ఉన్న పాత ఫ్రెంచి పేట. తూర్పున గూబేర్ అవెన్యూ, అంటే అందరూ బీచ్ రోడ్డు అనే దారి. పడమట ఒక కాలువ. మధ్యలో రూ డ్యూమా, రూ రొమైన్ రోలాండ్, రూ సుఫ్రెన్ లాంటి నిటారు వీధులు. ఎత్తైన ప్రహరీలు, ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ల ముఖాలు. ఫొటోల్లో అందంగా కనిపించే ఆ గోడలే శబ్దాన్ని బయటకు పోనివ్వకుండా అటూ ఇటూ తిప్పి కొడతాయి. మైదానంలో పేలిన టపాకాయ మోత దూరం పెరిగేకొద్దీ త్వరగా పలచబడుతుంది. ఇరుకు వీధిలో అలా జరగదు.

దక్షిణాదిలో కొత్త సంవత్సరం అనగానే గోవా తర్వాత చాలామందికి గుర్తొచ్చే పేరు పుదుచ్చేరి. చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద 150 కిలోమీటర్లు. బెంగళూరు, హైదరాబాద్, నెల్లూరు, తిరుపతి నుంచీ జనం వస్తారు. అర్ధరాత్రికి వాళ్లలో ఎక్కువమంది చేరేది బీచ్ రోడ్డుకే. అందుకే డిసెంబరు 31న వైట్ టౌన్ వీధుల్లోకి వాహనాలు రాకుండా పోలీసులు బారికేడ్లు పెడతారు. అక్కడ నివసించేవాళ్లకు, హోటళ్లలో దిగినవాళ్లకు పాసులు ఇస్తారు. పార్కింగ్, మద్యం, మహిళల భద్రత, సముద్రంలోకి దిగకుండా కాపలా, అన్నింటికీ ఒక ప్రణాళిక ఉంటుంది. ఆ పేటలోనే ఉండే జంతువులకు మాత్రం అందులో ఒక్క వాక్యం కూడా దక్కదు.

మంచు జాబితాలు మనకెందుకు?

ఇంటర్నెట్‌లో దొరికే చలికాలపు జాగ్రత్తల్లో ఎక్కువ భాగం చల్లని దేశాల నుంచి దిగుమతి అయినవే. మంచులో నడిచాక పాదాలు తుడవాలి, కారు రేడియేటర్‌లో పోసే యాంటీఫ్రీజ్ నాకనివ్వకూడదు, స్వెటర్ వేయాలి. పుదుచ్చేరిలో డిసెంబరు రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల కిందికి దిగడం అరుదు. ఉక్కపోతలో లాబ్రడార్‌కు స్వెటర్ తొడిగితే దానికి ఇబ్బందే.

ఈ తీరానికి చలికాలం అంటే ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. 2011 డిసెంబరు 30 తెల్లవారుజామున థానే తుపాను కడలూరు, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. కొత్త సంవత్సరానికి రెండు రోజుల ముందు. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు 24 గంటల్లో 46 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. వీధుల్లో నిలిచిన నీళ్లలో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్ వస్తుంది. అది కుక్కకూ సోకుతుంది, కుక్క నుంచి మనిషికీ సోకవచ్చు. దీనికి కుక్కలకు టీకా ఉంది. తీరప్రాంతంలో కుక్కను పెంచేవాళ్లు డిసెంబరులో మొదట చూసుకోవాల్సింది ఆ టీకా తేదీని.

వంటింటి ప్రమాదాల్లో మాత్రం మనకూ వాళ్లకూ తేడా లేదు. ప్లమ్ కేక్‌లో ఉండే కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఎంత తింటే ప్రమాదమో కచ్చితంగా చెప్పే కొలత లేదు. మొదటి రోజు వాంతులతో సరిపోయినట్టు కనిపించి, రెండు మూడు రోజులకు మూత్రం ఆగిపోయే దాకా రావచ్చు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్‌ను కుక్క శరీరం చాలా నెమ్మదిగా బయటికి పంపుతుంది. రకాన్ని బట్టి తేడా ఉన్నా, పది కిలోల కుక్కకు 80 గ్రాముల డార్క్ చాక్లెట్ గుండె దడ లాంటి తీవ్ర లక్షణాలు తెచ్చిపెట్టగలదు. పిల్లులకు లిల్లీ పూల పుప్పొడి కూడా విషమే. క్రిస్మస్ చెట్టుకు చుట్టే మెరుపు దారాన్ని పిల్లి మింగితే పేగులు ముడతపడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. బిర్యానీలోని ఉడికిన ఎముకలు విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి.

బీచ్ రోడ్డులో వీధి కుక్కకు ప్రేమగా కేక్ ముక్క విసిరే పర్యాటకుడికి ఇవేవీ తెలియకపోవచ్చు. ఒక కుక్కకు ఒకే రాత్రి ఇరవై మంది అలా విసరవచ్చు.

భయానికి వేళ ఉంటే మందు ఉంటుంది

మనిషి చెవికి వినిపించే శబ్దం దాదాపు 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. కుక్కకు దాదాపు 45 వేలు, పిల్లికి 64 వేల వరకు వినిపిస్తుంది. మన నిబంధనల ప్రకారం టపాకాయ పేలిన చోటి నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదు. ఆ పరిమితి మనిషి చెవిని దృష్టిలో పెట్టుకుని వేసిందే. అదే మోత కుక్కకు ఎలా తగులుతుందో ఆ అంకె చెప్పదు.

అయితే శబ్ద తీవ్రత కంటే పెద్ద సమస్య వేళాపాళా లేకపోవడం. టపాకాయలంటే బాగా భయపడే కుక్కలకు ఇప్పుడు మందులున్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే శబ్ద భయానికి ప్రత్యేకంగా ఒక జెల్‌ను ఆమోదించింది. భయాన్ని తగ్గించే మాత్రలనూ పశువైద్యులు రాస్తున్నారు. వీటన్నిటికీ ఒక షరతు ఉంది. శబ్దం మొదలవడానికి ముందే మందు పడాలి. భయం తలకెక్కాక వేస్తే పెద్దగా పనిచేయదు.

ఇప్పుడు 35 నిమిషాల లెక్కకు వద్దాం. బాణసంచా నిజంగా 11.55కే మొదలవుతుందంటే, యజమాని పదిన్నరకల్లా డాక్టర్ చెప్పిన మోతాదు ఇవ్వగలడు. అంతకు ముందే బయట తిప్పి తీసుకొస్తాడు. లోపలి గదిలో పడక వేసి, ఫ్యాన్ చప్పుడో టీవీ చప్పుడో పెట్టి, పక్కన కూర్చుంటాడు. పన్నెండున్నరకు ఆగిపోతుందని తెలుసు కాబట్టి ఓపిక పడతాడు. అదే రాత్రి ఏడింటికి మొదలై రెండింటికి ఆగితే ఏ మాత్రనూ ఏ వేళకూ సరిపెట్టలేం. ఏడింటికి వీధిలో నడుస్తున్న కుక్క పక్కనే లక్ష్మీ బాంబు పేలితే గొలుసు తెంచుకుని పరిగెడుతుంది. జాగ్రత్తపడదామనుకున్న యజమానికి కూడా ఆ అవకాశం లేకుండా పోతుంది.

ఆ కంగారులో జరిగే ఇంకో ప్రమాదం మెడికల్ షాపు దారి పట్టడం. ఇంట్లో ఉన్న నిద్రమాత్ర సగం ముక్క వేసేవాళ్లున్నారు. పాతకాలపు మత్తుమందుల్లో కొన్ని కుక్క ఒంటిని కదలనివ్వవు గానీ భయాన్ని తగ్గించవు. చూసేవాళ్లకు పడుకున్నట్టే ఉంటుంది. లోపల అది ప్రతి చప్పుడునూ వింటూనే ఉంటుంది. పిల్లికైతే మనం వాడే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి కూడా ప్రాణం తీయగలదు.

చట్టం ఉంది, బాధ్యుడి పేరూ ఉంది

వైట్ టౌన్ విషయంలో చట్టం 35 నిమిషాలతో ఆగలేదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రి, విద్యాసంస్థ, కోర్టు చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ శబ్దం చేసే టపాకాయలు కాల్చకూడదు. వైట్ టౌన్‌లోని విక్టర్ సిమోనెల్ వీధిలో ఇందిరాగాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. అదే వీధిలో ఫ్రెంచి లీసే పాఠశాల ఉంది. శాసనసభ భవనమూ అక్కడే. అంటే ఈ చిన్న పేటలో గణనీయమైన భాగం నిశ్శబ్ద మండలం కాగలదు. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషికి దక్కాల్సిన ఆ నిశ్శబ్దం అమలైతే, పక్క వీధిలోని కుక్కకూ అది అందుతుంది.

2018 తీర్పు మరో అడుగు ముందుకేసింది. ఆ సమయాలు దాటి బాణసంచా కాలిస్తే సంబంధిత పోలీస్ స్టేషన్ అధికారిని వ్యక్తిగతంగా బాధ్యుడిని చేస్తామని, దాన్ని కోర్టు ధిక్కారంగా చూస్తామని చెప్పింది. అందరూ ఒకేచోట కాల్చుకునేలా ముందే స్థలాలు గుర్తించే ఆలోచన చేయాలని కూడా సూచించింది. వారం తర్వాత కోర్టు ఇచ్చిన వివరణలో తమిళనాడు, పుదుచ్చేరి లాంటి చోట్ల వేళలు మార్చుకునే వీలు కల్పించింది. అది దీపావళికి సంబంధించింది, అదీ రోజుకు రెండు గంటలు దాటకుండా. డిసెంబరు 31కి ఆ మినహాయింపు వర్తించదు.

జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే 1960 నాటి చట్టం మాత్రం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. కుక్క తోకకు టపాకాయల సరం కట్టినవాడికి ఆ చట్టం కింద తొలి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. టపాకాయల సరం ధర అంతకంటే ఎక్కువ. జంతువును చంపినా, వికలాంగం చేసినా భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు ఉంది. కానీ అది నష్టం జరిగిపోయాక వచ్చే శిక్ష. జరగకుండా ఆపగలిగేది వేళను అమలు చేయడమే.

కాలర్ లేకపోతే అది ఎవరి కుక్క?

2025లో ఈ ప్రశ్నకు మునుపెన్నడూ లేని బరువు వచ్చింది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కను పట్టుకుంటే స్టెరిలైజ్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు కొన్ని చోట్లకు ఈ పద్ధతిని మార్చింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని వీధి కుక్కలను షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడ వదలకూడదని ఆదేశించింది.

ఆ ఆదేశం మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. మన విషయానికి దానివల్ల వచ్చే చిక్కు ఒకటుంది. టపాకాయలకు బెదిరి పారిపోయిన పెంపుడు కుక్క ఎక్కడ దాక్కుంటుంది? జనం, వెలుతురు లేని ఏదో ఆవరణలో. బడికి సెలవులు, గేటు తెరిచి ఉంది, లోపలికి దూరుతుంది. మెడలో కాలర్ లేకపోతే జనవరి 2న పట్టుకునేవాళ్ల కంటికి అది వీధి కుక్కే. ముఖ్యంగా మన దేశీ జాతి కుక్కల విషయంలో. చూడటానికి రెండూ ఒకటే. ఇప్పటిదాకా తప్పిపోయిన కుక్క ఇల్లు వెతుక్కుంటూ తిరిగొచ్చే అవకాశం ఉండేది. షెల్టర్‌కు చేరితే ఆ దారి మూసుకుపోతుంది.

అందుకే మెడలో ఫోన్ నంబరు రాసిన బిళ్ల, చర్మం కింద మైక్రోచిప్ ఇప్పుడు అలంకారాలు కావు. చెన్నై కార్పొరేషన్ 2025లో పెంపుడు కుక్కల లైసెన్సుకు మైక్రోచిప్‌ను తప్పనిసరి చేసింది. సెలవులకు చెన్నై నుంచి కుక్కను వెంటబెట్టుకుని పుదుచ్చేరి వచ్చేవాళ్లు ఎందరో. వాటిలో ఒకటి తప్పిపోతే, పుదుచ్చేరిలో దాన్ని పట్టుకున్నవాళ్ల దగ్గర చిప్ చదివే పరికరం ఉంటేనే ఆ చిప్‌కు అర్థం.

కొత్త ఊళ్లో తప్పిపోయిన కుక్కకు ఇంటి దారి వాసన కూడా తెలియదు. హైదరాబాద్ నుంచి దాదాపు 800 కిలోమీటర్లు కారులో తెచ్చి, అర్ధరాత్రి హోటల్ గదిలో ఒంటరిగా వదిలి బీచ్‌కు వెళ్లడం ఆ కుక్కకు చేయగల అన్యాయాల్లో పెద్దది. రైల్లో తేవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదా గార్డు పెట్టె పక్కనున్న డబ్బాలో ఎక్కించాలి. ఇంత ప్రయాస పడే కన్నా, ఊళ్లోనే తెలిసినవాళ్ల ఇంట్లో వదిలి రావడం చాలా కుక్కలకు మేలు.

అర్ధరాత్రి డాక్టర్ ఎక్కడ?

పుదుచ్చేరికి ఒక పెద్ద వనరు ఉంది. ఊరి పడమటి వైపు కురుంబాపేటలో రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థ, దానికి అనుబంధంగా ఆసుపత్రి ఉన్నాయి. ఇంత చిన్న కేంద్రపాలిత ప్రాంతానికి సొంత పశువైద్య కళాశాల ఉండటం మామూలు విషయం కాదు. కానీ డిసెంబరు 31 రాత్రి వైట్ టౌన్ బారికేడ్ల లోపల ఉన్నవాళ్లకు కురుంబాపేట చాలా దూరం. ఆటో లోపలికి రాదు. మూర్ఛలతో కొట్టుకుంటున్న ఇరవై కిలోల కుక్కను చేతుల మీద మోసుకుంటూ జనాన్ని తోసుకుని కాలువ దాటాలి. మనుషుల అంబులెన్స్‌కు దారి ఉంటుంది. జంతువును తీసుకెళ్లే బండికి దారి ఇవ్వాలని బారికేడ్ దగ్గరున్న కానిస్టేబుల్‌కు ఎవరూ చెప్పి ఉండరు.

ఇదంతా జంతు ప్రేమికుల వ్యవహారం అనుకుంటే పొరపాటు. బెదిరిన కుక్క జనంలోకి పరిగెడితే కరుస్తుంది. కరిచిన కుక్క ఎవరిదో, దానికి టీకా ఉందో లేదో తెలియకపోతే కాటు తిన్నవాళ్లు గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో కడిగి, పండగ పూట రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి. రద్దీలో ఒక్క కుక్క బెదిరినా పిల్లలు, ముసలివాళ్లు తొక్కిసలాటలో పడతారు. జనసమ్మర్దాన్ని అదుపు చేసే ప్రణాళికలో జంతువులకు చోటు ఉండాలనడానికి ఇది చాలు.

'మనుషులకే దిక్కు లేదు' అనేవాళ్లకు

ఈ అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది. శివకాశి కార్మికుల కూడు కొడతారా అనే ప్రశ్న కూడా వస్తుంది. రెండింటినీ తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే ఇక్కడ ఎవరూ బాణసంచాను నిషేధించమనడం లేదు. కోర్టు ఇచ్చిన 35 నిమిషాలను 35 నిమిషాలుగానే ఉంచమనడం మాత్రమే. దానివల్ల లాభపడేవాళ్లలో ముందుండేది జనరల్ ఆసుపత్రి రోగులు, పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు.

పండగను వదులుకోకుండానే చప్పుడు తగ్గించుకున్న ఊళ్లు ఉన్నాయి. తమిళనాడులోని శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల సంరక్షణ కేంద్రం పక్కన కొల్లుకుడిపట్టి అనే ఊరుంది. వలస పక్షులు బెదిరిపోతాయని అక్కడివాళ్లు దశాబ్దాలుగా దీపావళికి టపాకాయలు కాల్చడం లేదు. ఏ కోర్టూ వాళ్లకు చెప్పలేదు. గలాపగోస్ దీవులు 2018 చివర్లో చప్పుడు చేసే బాణసంచాను నిషేధించి, వెలుగులు మాత్రమే చిమ్మేవాటిని అనుమతించాయి.

పుదుచ్చేరికీ జంతువంటే ప్రేమ లేదనలేం. వైట్ టౌన్‌లోని మణకుళ వినాయకర్ ఆలయ ఏనుగు లక్ష్మి 2022 నవంబరు 30న పొద్దుటి నడకలో కుప్పకూలి చనిపోతే ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చి కన్నీళ్లతో సాగనంపింది. అంత ప్రేమ ఉన్న ఊళ్లో డిసెంబరు 31 ఉత్తర్వులో ఒక పేరా అడగడం అత్యాశ కాదు.

ఆ పేరాలో ఏముండాలి?

ఖర్చు లేనివి, లేదా చాలా తక్కువ ఖర్చయ్యేవి నాలుగు పనులు ఉన్నాయి. మొదటిది, 11.55 నుంచి 12.30 అనే వేళను పార్కింగ్ సూచనలతో పాటు హోటళ్లకు, ఇళ్లకు ముందే ప్రకటించి, బాణసంచాను వీధుల్లో కాక బీచ్ రోడ్డులో గుర్తించిన ఒక చోటికే పరిమితం చేయాలి. రెండోది, విక్టర్ సిమోనెల్ వీధి చుట్టూ నిశ్శబ్ద మండలం హద్దులను బోర్డులతో చూపించాలి. మూడోది, ఆ రాత్రికి ఒక పశువైద్యుడిని, ఒక వాహనాన్ని వైట్ టౌన్ అంచున ఉంచి, జంతువును మోసుకొచ్చేవాళ్లకు బారికేడ్ల దగ్గర దారి ఇవ్వాలి. నాలుగోది, జనవరి మొదటి వారంలో పట్టుకున్న ప్రతి కుక్కకూ చిప్ ఉందేమో చూసి, ఫొటోను మునిసిపాలిటీ పేజీలో పెట్టి, కొన్ని రోజులు ఆగాకే షెల్టర్‌కు పంపాలి.

ప్రభుత్వ స్థాయిలో ఇలాంటి ఉత్తర్వు వస్తే దాని ప్రభావం వైట్ టౌన్‌తో ఆగదు. కాకినాడ పక్కన గోదావరి ఒడ్డునున్న యానాం కూడా పుదుచ్చేరిలో భాగమే. అక్కడ అది తెలుగులో వెలువడుతుంది. అప్పుడు పక్కనున్న ఆంధ్రప్రదేశ్ పట్టణాలకు నమూనా కోసం దూరం వెళ్లాల్సిన పని ఉండదు.

జనవరి 1 దాటిన రెండు వారాలకు మన ఇళ్లలో కనుమ వస్తుంది. పశువులను కడిగి, కొమ్ములకు రంగులేసి, వాటికి ముందు పెట్టి తర్వాత మనం తినే పండగ. అప్పటికి తప్పిపోయిన కుక్కల కోసం అంటించిన కాగితాలు గోడల మీద వెలిసిపోవడం మొదలవుతుంది. ఆ కాగితాల సంఖ్య తగ్గించాలంటే పని మొదలవ్వాల్సింది డిసెంబరు 31 సాయంత్రం కాదు, బారికేడ్ల మ్యాపు గీసే రోజున.